మొదటి బంతి ఎవరు వేశారు?

ఆటల వార్తలు రాసేవాళ్లలో రెండు రకాలుంటారు. సాయంత్రం మ్యాచ్ అయిపోగానే స్కోరు రాసి, దుప్పటి కప్పుకుని హాయిగా నిద్రపోయేవాళ్లు మొదటి రకం. 'ఇంతకీ ఈ ఆట మొట్టమొదట ఎక్కడ ఆడారు? ఎవరాడారు?' అంటూ అర్ధరాత్రి లేచి కూర్చునేవాళ్లు రెండో రకం. ఈ రెండోవాళ్లతో ఇంట్లోవాళ్లకు పెద్ద తంటా. అటక మీద పాత పేపర్లు, మంచం కింద పాత పేపర్లు. 'కిలో ఎంతకు పోతాయో కనుక్కోండి' అని ఇల్లాలు అంటూనే ఉంటుంది. వీళ్లు వింటూనే ఉంటారు. కట్టలు మాత్రం కదలవు.

ఆ పిచ్చివాళ్ల వల్ల లోకానికి ఏమిటి లాభం అంటారా? చాలా ఉంది. వాళ్లే లేకపోతే ఒక దేశం దేశమంతా ఓ అబద్ధాన్ని తరతరాలుగా నమ్ముతూ ఉండిపోయేది. ఆ దేశం అమెరికా. ఆ ఆట బేస్‌బాల్.

ఒక ఉత్తరం చేసిన పని

మనకు క్రికెట్ ఎలాగో అమెరికావాళ్లకు బేస్‌బాల్ అలాగ. అక్కడ స్థిరపడిన మన తెలుగువాళ్ల పిల్లలు కూడా ఇప్పుడు బడి నుంచి రాగానే ఆ గ్లౌజు తగిలించుకుని బయల్దేరుతున్నారు. ఈ ఆట గురించి మొదట్లో రాసిన గొప్ప విలేకరి హెన్రీ చాడ్విక్. 1824లో ఇంగ్లండులో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా వెళ్లాడు. మొదట క్రికెట్ వార్తలు రాసేవాడు. తర్వాత బేస్‌బాల్ మీదికి మళ్లి, మ్యాచ్ మొత్తాన్ని చిన్న పట్టికలో చూపించే పద్ధతికి ఓ రూపమిచ్చాడు. ఆయన 1903లో ఓ మాటన్నాడు... 'ఇది మన సొంత ఆటేమీ కాదు, ఇంగ్లండు పిల్లలు ఆడే రౌండర్స్ నుంచి పుట్టిందే' అని.

ఆ మాట ఆల్బర్ట్ స్పాల్డింగ్‌కు మింగుడుపడలేదు. ఆయన ఒకప్పటి పెద్ద ఆటగాడు, ఆటవస్తువుల వ్యాపారి. అమెరికా జాతీయ క్రీడ మరో దేశానికి అప్పుపడి ఉండటమా! విషయం తేల్చడానికి 1905లో ఏడుగురితో ఓ కమిషన్ ఏర్పడింది. దానికి పెద్ద ఏబ్రహాం మిల్స్. ఏడుగురిలో సెనెటర్లున్నారు, ఆటల పెద్దలున్నారు. చరిత్రకారుడు మాత్రం ఒక్కడూ లేడు.

'మీకు తెలిసింది రాయండి' అని పేపర్లో ప్రకటించారు. ఏబ్నర్ గ్రేవ్స్ అనే డెబ్భై ఏళ్లు దాటిన గనుల ఇంజినీరు ఓ ఉత్తరం రాశాడు. తన చిన్నప్పుడు కూపర్స్‌టౌన్ అనే ఊళ్లో ఏబ్నర్ డబుల్‌డే ఈ ఆటను కనిపెట్టడం తాను చూశానన్నది దాని సారాంశం. డబుల్‌డే అంటే మామూలు మనిషి కాదు. అమెరికా అంతర్యుద్ధంలో పేరు పొందిన సేనాని. పైగా మిల్స్‌కు పాత స్నేహితుడు. ఇంకేం కావాలి? 1907 చివర్లో కమిషన్ తీర్పు చెప్పేసింది. బేస్‌బాల్ అచ్చంగా అమెరికా ఆట... పుట్టింది 1839లో, కూపర్స్‌టౌన్‌లో, డబుల్‌డే చేతుల్లో!

ఇక చూడండి తమాషా. 1930ల్లో ఆ ఊరికి దగ్గర్లోని ఓ ఇంట్లో, అటక మీది పెట్టెలో చివికిపోయిన బంతి ఒకటి దొరికింది. మనిళ్లలో కుట్టుమిషన్ మీద కనిపించే 'సింగర్' పేరు గుర్తుందిగా? ఆ ఆస్తికి వారసుడైన పెద్దమనిషి ఆ బంతిని అయిదు డాలర్లకు కొన్నాడు. అదే 'డబుల్‌డే బంతి' అయింది. 1939లో నూరేళ్ల పండగ చేశారు. తపాలా బిళ్ల వేశారు. కూపర్స్‌టౌన్‌లో మ్యూజియం తెరిచారు. అది ఇప్పటికీ అక్కడే ఉంది.

అసలు సంగతేమిటంటే, 1839లో డబుల్‌డే ఆ ఊళ్లోనే లేడు. వెస్ట్‌పాయింట్ సైనిక పాఠశాలలో చదువుకుంటున్నాడు. ఎన్నో రాతలు వదిలి 1893లో చనిపోయాడుగానీ, బేస్‌బాల్ నేనే కనిపెట్టానని ఎక్కడా రాసుకోలేదు. ఇక సాక్షి గ్రేవ్స్‌కు ఆనాటికి వయసెంతో తెలుసా? అయిదేళ్లు!

పుస్తకాల పురుగులు తేల్చిన నిజం

ఈ అబద్ధాన్ని పడగొట్టింది ఏ ప్రభుత్వమో, ఏ కోర్టో కాదు. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో పనిచేసే రాబర్ట్ హెండర్సన్ అనే లైబ్రేరియన్. దేశమంతా నూరేళ్ల పండగ చేసుకుంటున్న 1939లోనే ఆయన ఓ వ్యాసం అచ్చేశాడు. 1828లో లండన్‌లో వచ్చిన పిల్లల పుస్తకంలో రౌండర్స్ నియమాలున్నాయి. 1834లో బోస్టన్‌లో వచ్చిన మరో పుస్తకంలో దాదాపు అవే నియమాలు 'బేస్' అన్న పేరుతో ఉన్నాయి. అంటే 1839కి అయిదేళ్ల ముందే ఆట అచ్చులోకి ఎక్కేసింది! 1947లో ఆయన ఈ పరిశోధననంతా పుస్తకంగా తెచ్చాడు.

అయితే చాడ్విక్ చెప్పిందే నిజమా? అదీ కాదు. అదే ఈ రంగంలోని మజా. కంప్యూటర్ రంగంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న డేవిడ్ బ్లాక్ అనే పాత పుస్తకాల పిచ్చాయన 2005లో మరో మెలిక విప్పాడు. 1744లో లండన్‌లో అచ్చయిన చిన్నపిల్లల బొమ్మల పుస్తకంలోనే 'బేస్‌బాల్' అన్న మాట ఉంది. 'రౌండర్స్' అన్న పేరు కనిపించేది ఆ తర్వాత ఎనభై ఏళ్లకు పైనే. మరి పెద్దది చిన్నదానికి కూతురెలా అవుతుంది? స్పాల్డింగ్ అన్నదీ తప్పే, చాడ్విక్ అన్నదీ తప్పే. ఆట పుట్టింది ఇంగ్లండులోనే, కానీ రౌండర్స్ కడుపున కాదు.

ఆ వేట ఇంకా ఆగలేదు. జాన్ థార్న్ అనే చరిత్రకారుడు 1791 నాటి ఓ ఊరి కట్టుబాటును పట్టుకొచ్చాడు. మసాచుసెట్స్‌లోని పిట్స్‌ఫీల్డ్ అనే ఊళ్లో కొత్తగా కట్టిన సభామందిరం కిటికీలు పగలకుండా, దానికి 80 గజాల లోపు బేస్‌బాల్ ఆడకూడదని పెద్దలు తీర్మానించారట. మన వీధుల్లో 'మా అద్దాలు పగిలితే చూడండిరోయ్' అని అరిచే పెద్దాయన గుర్తొచ్చాడా? ఆయనా చరిత్రకు పనికొస్తాడన్నమాట!

ఇంగ్లండులో గిల్‌ఫర్డ్ అనే ఊరు ఉంది. విలియం బ్రే అనే యువకుడు 1755లో ఈస్టర్ మర్నాడు స్నేహితులతో, ఆడపిల్లలతో కలిసి బేస్‌బాల్ ఆడినట్టు డైరీలో రాసుకున్నాడు. ఆ డైరీ ఓ షెడ్డులో పడి ఉంటే స్థానిక చరిత్ర రాసుకునే ఓ మహిళ గుర్తుపట్టింది. అది అసలైనదేనని 2008లో నిర్ధారణ అయింది. విచిత్రం ఏమిటంటే క్రికెట్ గురించి దొరికిన తొలి గట్టి ఆధారమూ ఆ ఊరిదే. 1598 నాటి భూతగాదా అది. ఈ స్థలం ఎవరిదన్న పంచాయితీలో జాన్ డెరిక్ అనే పెద్దాయన కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పాడు... 'నా బడి రోజుల్లో మేం ఇక్కడే క్రికెట్ ఆడేవాళ్లం' అని. అంటే 1550 ప్రాంతం మాట. ఆయన చెప్పాలనుకున్నది స్థలం గురించి. మనకు మిగిలింది ఆట గురించి.

మన ఊళ్లలో పోరంబోకు తగాదాలు, బడి స్థలం తగాదాలు తక్కువా? ఆ దస్త్రాల్లో ఎన్ని ఆటలు నిద్రపోతున్నాయో!

అట్ట మీద లేని పేరు

ఈ వేటలో ఓ చేదు ముక్క కూడా ఉంది. బేస్‌బాల్ తొలినాళ్ల మీద మొదటి పెద్ద చరిత్ర గ్రంథం 1960లో వచ్చింది. అట్ట మీద పేరు హెరాల్డ్ సేమోర్. కానీ ఏళ్ల తరబడి పాత పత్రికలు తిరగేసి, నోట్సు రాసి, ఆ రాతకు రూపమివ్వడంలో సగం భారం మోసింది ఆయన భార్య డొరతీ. పుస్తకం మీద ఆమె పేరు పడటానికి అయిదు దశాబ్దాలు పట్టింది. 2010లో ప్రచురణకర్తలు ఆమెను సహ రచయిత్రిగా ఒప్పుకున్నారు. చరిత్ర రాసేవాళ్లే చరిత్రలోంచి జారిపోతే ఆటగాళ్ల సంగతి చెప్పాలా!

మన దగ్గరా ఉన్నారు

ఇలాంటి పిచ్చి మనవాళ్లకు లేదనుకోకండి. 1897లోనే బొంబాయిలో షాపూర్జీ సొరాబ్జీ అనే పార్సీ పెద్దమనిషి తమవాళ్ల క్రికెట్ చరిత్రను పుస్తకంగా రాశాడు. యూరోపియన్ల పోలో గుర్రాలు తొక్కి పాడుచేస్తున్న మైదానం కోసం పార్సీ కుర్రాళ్లు ప్రభుత్వానికి అర్జీల మీద అర్జీలు పెట్టుకున్న కథ అందులో ఉంది. ఆయన రాసి ఉండకపోతే మన క్రికెట్ అంటే మహారాజుల వినోదమనే అనుకునేవాళ్లం. కూర్చునే చోటు కోసం, ఆడుకునే జాగా కోసం మామూలు మనుషులు చేసిన పోరాటమని తెలిసేది కాదు.

నూరేళ్ల తర్వాత రామచంద్ర గుహ అదే దారిలో వెళ్లారు. 2002లో వచ్చిన ఆయన పుస్తకంతో పల్వంకర్ బాలూ పేరు మళ్లీ జనం నోట్లో పడింది. దళిత కుటుంబంలో పుట్టి, పూనాలో తెల్లదొరలకు నెట్స్‌లో బంతులు వేస్తూ ఎదిగిన స్పిన్నర్ ఆయన. 1911 ఇంగ్లండు పర్యటనలో వందకు పైగా వికెట్లు తీశాడు. మైదానంలో ఆయన బంతి కావాలి... విరామంలో మాత్రం పెవిలియన్ బయట, విడి మట్టి పాత్రలో టీ. పాత పత్రికల్లో నిద్రపోతున్న ఆ మనిషిని ఓ రచయిత లేపాడు.

మన తెలుగు కుటుంబంలో పుట్టిన సి.కె.నాయుడు కథను బతికించినవాళ్లు ఇద్దరు. ఒకరు వసంత్ రాయ్‌జీ. వృత్తికి చార్టర్డ్ అకౌంటెంట్, ప్రాణం మాత్రం క్రికెట్ చరిత్ర. 1989లో నాయుడి మీద పుస్తకం రాసి, నూరేళ్లు నిండు జీవితం గడిపి 2020లో కన్నుమూశారు. రెండోవారు నాయుడి కూతురు చంద్రా నాయుడు. దేశంలో మొదటితరం మహిళా క్రికెట్ వ్యాఖ్యాతల్లో ఒకరైన ఆమె 1995లో తండ్రి జ్ఞాపకాలను పుస్తకంగా తెచ్చారు. 1926 డిసెంబరులో బొంబాయి జింఖానాలో ఎంసీసీ మీద నాయుడు 11 సిక్సర్లతో 153 పరుగులు చేశాడని స్కోరు పట్టీ చెబుతుంది. ఆ మనిషి ఇంట్లో ఎలా ఉండేవాడో కూతురు తప్ప ఎవరు చెబుతారు?

చెట్టు కింద పుట్టిన పౌరుషం

ఇక మన గడప దగ్గరికి వద్దాం. 1953 దాకా మన చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలోనిదే. కాబట్టి మన ప్రాంతం తొలినాటి ఆటల కథ మద్రాసు నుంచే మొదలుపెట్టాలి. అక్కడ తెల్లవాళ్ల మద్రాసు క్రికెట్ క్లబ్బు 1846లో పుట్టింది. చేపాక్ మైదానం వాళ్లదే. భారతీయులు ఆడటానికి వచ్చినా పెవిలియన్‌లోకి రానిచ్చేవారు కాదనీ, చెట్టు కింద కూర్చుని భోజనం చేయాల్సి వచ్చేదనీ చెబుతారు. పూనాలో బాలూకు బయట టీ. చేపాక్‌లో మనవాళ్లకు బయట భోజనం. ఒకచోట కులం, ఇంకోచోట రంగు. గీత మాత్రం ఒకటే.

ఆ చెట్టు కింది భోజనం ఓ తెలుగువాడికి గొంతు దిగలేదు. ఆయన మోతవరపు వెంకట మహీపతి నాయుడు. అలా పిలిస్తే ఎవరికీ తెలియదు, బుచ్చిబాబు అంటే మద్రాసంతా తెలుసు. 1868లో పుట్టిన ఈ సంపన్నుడు 1888లో మద్రాస్ యునైటెడ్ క్లబ్ పెట్టాడు. డబ్బులేని కుర్రాళ్లకు బ్యాట్లు, బంతులు సమకూర్చి ఆట నేర్పించాడు. తెల్లవాళ్ల జట్టుకు, భారతీయుల జట్టుకు మధ్య ఏటా పోటీ జరగాలన్నది ఆయన కల. 1908 డిసెంబరులో అందుకు ముహూర్తం కుదిరింది. మ్యాచ్ కొద్ది రోజుల్లో ఉందనగా ఆయన చనిపోయాడు. వయసు నలభై. ఆ తర్వాత 1915 నుంచి సంక్రాంతి రోజుల్లో జరిగిన ప్రెసిడెన్సీ మ్యాచ్‌లకు, చెన్నైలో ఆయన పేరిట నడిచే టోర్నమెంటుకు మూలం ఆ కలే.

ఆయన కొడుకు కథ ఇంకా వింత. తాతగారింటికి దత్తత వెళ్లడంతో ఆయన ఇంటిపేరు కోటా అయింది. కోటా రామస్వామి 1922లో భారత్ తరఫున డేవిస్ కప్ టెన్నిస్ ఆడాడు. విజ్జీ నాయకత్వంలో 1936లో ఇంగ్లండు వెళ్లిన జట్టులో, నలభయ్యో ఏట, మొదటి టెస్టు ఆడి మాంచెస్టర్‌లో 40, 60 పరుగులు చేశాడు. ఆడినవి రెండే టెస్టులు. సగటు 56.66! ఉద్యోగం వ్యవసాయ శాఖలో. ఆయన 1966లో తన ఆటల జ్ఞాపకాలు పుస్తకంగా రాశాడు. ముసలితనంలో ఓ రోజు అడయారు ఇంట్లోంచి బయటికెళ్లి మళ్లీ తిరిగి రాలేదు. రెండు ఆటల్లో దేశానికి ఆడిన మనిషి మరణ తేదీ ఈరోజుకీ తేలలేదు. ఆయన బతుకు గురించి మనకింత తెలుసంటే, తన చేత్తో తాను రాసి పెట్టుకోబట్టే.

రేణిగుంట నుంచి వెతికితే...

'మా ఊళ్లో ఏముందండీ చరిత్ర?' అనే మాట నాకు తరచూ వినిపిస్తుంది. రేణిగుంటనే తీసుకోండి. మద్రాసు-బొంబాయి రైలుమార్గం 1871లో కలిసింది. ఆ దారి మీదే మన జంక్షన్. ఓ పక్క గూడూరు, ఓ పక్క తిరుపతి, ఓ పక్క అరక్కోణం, ఓ పక్క కడప. ఇన్ని దారులు కలిసే ఊరికి ఉద్యోగాలొచ్చాయి, క్వార్టర్లొచ్చాయి, ఆటలూ వచ్చాయి. రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దవాళ్లను కదిపి చూడండి. హాకీ అంటారు, ఫుట్‌బాల్ అంటారు, బదిలీ మీద వచ్చి వెళ్లిపోయిన ఎవరో గోల్‌కీపర్ గురించి కళ్లు మెరిపిస్తూ చెబుతారు. ఆ గోల్‌కీపర్ పేరు ఏ పుస్తకంలోనూ లేదు. ఆ పెద్దాయన బుర్రలో ఉంది. అదీ ఎన్నాళ్లుంటుంది?

వెతకడానికి పెద్ద చదువులేమీ అక్కర్లేదు. పొద్దున రైలెక్కితే సుమారు మూడు గంటల్లో చెన్నై. ఎగ్మోరులో కన్నెమరా గ్రంథాలయం ఉంది, తమిళనాడు రాష్ట్ర పురాలేఖన కార్యాలయం ఉంది. పాత తెలుగు పత్రికలు కావాలంటే వేటపాలెం సారస్వత నికేతనం ఉంది. 1918లో పుట్టిన ఆ గ్రంథాలయం ఎన్నో పాత సంచికలను కాపాడుకుంటూ వస్తోంది. హైదరాబాదులో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, తార్నాకలో రాష్ట్ర పురాలేఖన భాండాగారం ఉన్నాయి.

కాకపోతే నిజం ముందు దొరికేది అక్కడ కాదు. మనింట్లోనే. తాతగారి ట్రంకుపెట్టెలో జట్టు ఫొటో ఉందా? వెనక్కి తిప్పి చూడండి, తేదీ ఉందేమో. నిలబడ్డవాళ్లు, కూర్చున్నవాళ్లు ఎవరెవరో ఎడమ నుంచి కుడికి వరసగా అడిగి, విడి కాగితం మీద రాసి పెట్టండి. కప్పు మీద చెక్కిన సంవత్సరం చూడండి. పాత బడి వార్షిక సంచిక, స్కోరు పుస్తకం, రైల్వే పాసు... ఏదీ పారేయకండి. పెద్దవాళ్లు చెబుతుంటే సెల్‌ఫోన్‌లో రికార్డు చేయండి.

ఒక్క జాగ్రత్త. అమెరికా కథ చెప్పింది అందుకే. గ్రేవ్స్ కావాలని అబద్ధమాడాడని ఎవరూ అనలేరు. ముసలాయనకు అలాగే గుర్తుంది. దాన్ని సరిచూడకుండా తలకెత్తుకున్నది కమిషన్. తమ దేశం గొప్పదనానికి అది సరిపోయింది కాబట్టి నమ్మేశారు. మనకూ ఆ ప్రమాదం ఉంది. 'క్రికెట్ మన బిళ్లంగోడు నుంచే పుట్టింది' అని ఎవరైనా అంటే ముందు మనకే చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. కర్రతో కొట్టి పరుగెత్తే ఆటలు లోకంలో ఎన్నో చోట్ల ఉన్నాయి. ఇంగ్లండులోనూ బిళ్లంగోడు లాంటి ఆటే ఉండేది. పోలిక ఉన్నంత మాత్రాన చుట్టరికం కలిపేయకూడదు. తాతయ్య మాట రాసుకోండి... ఆ పక్కనే పేపరు తేదీ వెతకండి. రెండూ కలిస్తే పండగ. కలవకపోతే ఆ సంగతి కూడా రాసి పెట్టండి. మన ఊరిని పొగిడే కథనే ఎక్కువ అనుమానించండి.

ఇంతా చేస్తే ఏమొస్తుంది? డబ్బు రాదు. పేరు కూడా వస్తుందన్న నమ్మకం లేదు, డొరతీని చూశాంగా. కానీ చెట్టు కింద భోజనం చేసిన మనిషికి, విడి పాత్రలో టీ తాగిన మనిషికి, పేరు తెలియని గోల్‌కీపరుకు న్యాయం జరగాలంటే వాళ్ల గురించి ఎవరో ఒకరు పట్టించుకోవాలి. గెలిచినవాళ్లకు కప్పు ఉంటుంది. మిగిలినవాళ్లకు మన జ్ఞాపకం తప్ప ఇంకేముంది?

పాత పేపర్ల బండి మీ వీధిలోకి వచ్చినప్పుడు కట్ట కట్టేముందు ఒక్కసారి విప్పి చూడండి. అందులో మీ ఊరి మొదటి బంతి ఉండొచ్చు.